నంబరు కలవని డిస్కులు

2005. దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే గుడివాడలో ఒక వీడియోగేముల షాపు. కంప్యూటర్ ముందు భర్త కూర్చున్నాడు, కౌంటర్ దగ్గర భార్య దుమ్ము దులుపుతోంది.

"పన్నెండు డిస్కులు కాపీ చేశానే! ఒక్కదాని నంబరూ కలవట్లేదు."

"ఏం నంబరండీ?"

"గేము ఉన్నదున్నట్టు కాపీ అయితే కంప్యూటర్ ఒక నంబరు చూపిస్తుంది. అది నెట్‌లో ఉన్న నంబరుతో కలవాలి. డ్రైవ్ మార్చాను, కేబుల్ మార్చాను. మొన్నటిదాకా అన్నీ కలిశాయి!"

"డిస్కులు మురికిగా ఉన్నాయేమో చూడండి."

"మురికేంటి, నేను... ఇదేంటే, కింద ఎర్రగా? కుంకుమా?"

"నిన్న మీరు బందరులోనే ఉండిపోయారుగా. ఆయుధపూజ మానేస్తామా? అన్నిటికీ బొట్టు పెట్టాను."

"మెరిసే వైపా పెట్టేది! గేమంతా ఉండేది అటేనే!"

"పైవైపు పెడితే అక్కడున్న బొమ్మ పాడైపోతుందని వెనక్కి తిప్పి మరీ పెట్టాను. నాకేం తెలుసు?"

అతను ఒక డిస్కు మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ కాపీ పెట్టాడు.

"కలిసింది! సరే, అన్నీ తుడుచుకుంటాలే. ఆ జపాన్ నుంచి తెప్పించిన డిస్కేది? దాని కాపీ ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. నేను చేస్తానని నెట్‌లో అందరికీ మాటిచ్చాను. కొంపదీసి దానికీ పెట్టావా?"

"అబ్బే, దానికి బొట్టు పెట్టలేదండీ."

"హమ్మయ్య! బతికించావు."

"హారతి పళ్ళెం ఇంట్లో మర్చిపోయి వచ్చాను. అదొక్కటే కొత్తగా తళతళలాడుతుంటే, దాని మీదే కర్పూరం వెలిగించాను."