ఫ్యాన్‌లో కొబ్బరినూనె

ఇవాళ ఇంట్లో అమ్మ, నేను, రామచంద్రపురం నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ ఉన్నాం. నాన్న చేలోకి వెళ్ళారు. అన్నయ్య చనిపోయాక వాడి గదిలోకి బయటి మనిషి రావడం ఇదే మొదటిసారి. అతను అన్నయ్య కంప్యూటర్ విప్పి చూస్తుంటే నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"గరగర పవర్ సప్లై ఫ్యాన్‌లోంచి వస్తోందండి. ఇదేంటి, కొబ్బరినూనె వాసన?"

"నేనే వేశాను బాబూ. సౌండ్ వస్తే మావాడు ఓ చుక్క నూనె వేసేవాడు."

"అది కుట్టుమిషన్ నూనె అయ్యుంటుందండి. దీనికి దుమ్మంతా ముద్దకట్టేసింది. అసలు కంప్యూటర్ ఆపరా?"

"ఆపితే గదిలో ఎవరూ లేనట్టుంటుంది."

"కొత్తది వేసేస్తానండి. అస్సలు సౌండ్ రాదు."

"వద్దు బాబూ, సౌండ్ రావాలి. ఈ గరగర కాదు. వాడున్నప్పుడు సన్నగా గుయ్యిమనేది. అలా చెయ్యి."

"ఫ్యాన్ అరిగిపోయిందండి. ఆ సౌండ్ ఇంక రాదు."

"అయితే ఇలాగే బిగించెయ్యి."

"ఎక్కువ రోజులు తిరగదండి."

"తిరిగినన్నాళ్ళు తిరగనీ."

అతను బిగించి వెళ్ళిపోయాడు. మళ్ళీ గరగర మొదలైంది. అమ్మ పక్కన కూర్చుందామని నేను లోపలికి అడుగుపెట్టాను.

"అన్నయ్య పని చేసుకుంటున్నాడే, తర్వాత రా."

వాడున్నప్పుడు చెప్పినంత మెల్లగానే చెప్పి, అమ్మ తలుపు వేసేసింది.