నా బట్టతలకి కారణం బేరింగులే

డ్రాయింగు టీచరు అడిగింది ఒక్కటే. వాళ్ళ తాతగారి పాత కారు ఇంజను టకటకమంటోంది. రోడ్డు చివర కొత్త వర్క్‌షాపు వాళ్ళు ఇంజను మొత్తం పీకి పారేసి వేరేది పెడతామంటున్నారు. ఆ ఇంజను ఆ కారులోనే ఉండాలని తన ఆశ. విప్పి బాగుచేయగలరా?

చేస్తానంటే సరిపోయేది. స్పానరు బాబాయి షెడ్డులోకి పాత కారు వచ్చి ఏడాది దాటింది. అయినా ఆయన ఒక్క మాటతో ఊరుకునే మనిషి కాదు. షెడ్డు పక్క టీ కొట్టు బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని, గ్లాసు పక్కన పెట్టాడు.

"బేరింగు అరిగిందమ్మా. దానికి ఇంజను మార్చడమేంటి, చెప్పు అరిగితే కాలు తీసేస్తారా? నేను పని నేర్చుకున్న కొత్తల్లో ఇలాంటిదే ఒకటొచ్చింది. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకున్నా. ఒక్కో ప్లగ్గు వైరే పీకుతూ పోయా, వైరు పీకితే ఆ పిస్టను కింద దెబ్బ పడదు. రెండోది పీకగానే టకటక తగ్గింది. అంటే రెండో పిస్టను కింద బేరింగు పోయినట్టు. విప్పి చూస్తే అదే."

"ఇంతవరకూ నిజమే అయ్యుంటుంది," అంది టీ అక్క, కెటిల్ కింద మంట పెంచుతూ.

"ఇంతవరకూ ఏంటక్కా, ఇంకా మొదలే పెట్టలేదు. తర్వాత స్క్రూడ్రైవరు కూడా మానేశా. బానెట్టు మీద టీ గ్లాసు పెడితే చాలు, టీ ఏ వైపు వణికితే ఆ వైపు బేరింగు. ఆ తర్వాత బండి కూడా అక్కర్లేకపోయింది. ఒకరోజు భోంచేసి పడుకున్నానా, కొండ అవతల ఎవరిదో కారు వెళ్తోంది. కళ్ళు తెరవకుండానే మీ పిన్నితో అన్నా, నాలుగోది పోయిందే అని. ఏం పోయిందో అని ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి గిన్నెలు లెక్కపెట్టుకుంది."

"కొండ అవతలా?" అన్నాడు టైలరు, మెడలో టేపు సర్దుకుంటూ.

"అవతలే. ఎదురుగాలి కూడాను. అక్కా, ఆ కెటిల్ మూత చప్పుడేంటి, టకటకా టకటకా, నా మాట నాకే వినపడట్లేదు. తీసి పక్కన పెట్టు."

టీ అక్క మూత తీసి చేతిలో పట్టుకుంది.

"ఆ, ఎక్కడున్నాం? కొండ దగ్గర. మర్నాడు అదే కారు కొండ దిగుతూ నాకు ఎదురొచ్చింది. ఆపమని చెయ్యెత్తా. బ్రేకుల్లేవు బాబాయ్, ఇంజను పగిలేలా ఉంది అని అరిచాడు డ్రైవరు. మీరైతే ఏం చేస్తారు?"

"పక్కకి తప్పుకుంటాం," అన్నాడు టైలరు.

"నేను కిందకి దూరా. బండి పోతూనే ఉంది, వీపు కింద గోనెసంచి వేసుకుని నేనూ దాంతోపాటే పోతున్నా. ఆయిల్ చాంబరు విప్పితే, ఆయిలు నిండా బేరింగు పొడి, వెండిలా మెరుస్తోంది. ఇప్పుడు లెక్క వినండి. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు. అంటే సెకనుకి యాభై. చుట్టులో సగం సేపు రాడ్డు పైకెళ్తుంది, సగం సేపు నా వైపొస్తుంది. అంటే ప్రతిసారీ సెకనులో నూరో వంతు నాది. ఒక వంతులో నట్టు విప్పా, ఇంకో వంతులో పాత బేరింగు లాగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్తది పోయడానికి వైట్ మెటల్, అదే బేరింగు లోహం, లేదు."

"షాపులో కొనలేకపోయారా?" అంది టీచరు.

"పాత కార్ల బేరింగులు షాపులో దొరుకుతాయా? లోహం కరిగించి పోసుకోవాల్సిందే. నోట్లో వెండి పన్ను పీకా, సైలెన్సరు వేడికి కరిగించా, అక్కడే పోశా."

"పన్ను ఉందిగా బాబాయ్," అన్నాడు టైలరు.

"మళ్ళీ కట్టించుకోనా? పన్ను సంగతి వదిలెయ్. బేరింగుకీ, అందులో తిరిగే క్రాంకు ఇరుసుకీ మధ్య సందు సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే టకటక, తక్కువైతే ఇంజను పట్టేస్తుంది. అందుకని తలలోంచి ఒక వెంట్రుక పీకి, మధ్యలో పెట్టి బిగించి కొలుస్తా. నా తల ఇలా ఎందుకైందనుకుంటున్నారు? వయసని కొందరు, మీ పిన్ని వల్లని కొందరు. కాదు. బేరింగుకో వెంట్రుక. ఈ తల మీద లక్ష ఉండేవి."

టైలరు వేళ్ళు మడిచాడు. "రోజుకి పది వేసినా ఇరవై ఏడేళ్ళు పైనే. సెలవు లేకుండా."

"సెలవెక్కడ దొరికింది నాకు? అక్కా, ఆ మూత ఇంకా కొట్టుకుంటోంది." బాబాయి గొంతు ఇంకాస్త పెంచాడు. "కొండ దిగేసరికి అన్ని బేరింగులూ వేసేశా. ఇంజను ఎంత మెత్తగా తిరిగిందంటే, ఆపడం మర్చిపోయి డ్రైవరు ఇంటికెళ్ళి పడుకున్నాడు. చప్పుడుంటేగా గుర్తు రావడానికి. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. పెట్రోలు తాగడం మానేసింది. పైగా ట్యాంకు నిండి పొర్లుతుంటే, వాళ్ళావిడ బకెట్లతో తోడి ఇరుగుపొరుగుకి పంచుతోంది."

టీచరు గ్లాసు కింద పెట్టింది. "బాబాయ్, మూత చప్పుడు ఇంకా వినపడుతోందా?"

"వినపడకేం. తల బద్దలవుతోంది."

"అక్క మూత తీసి చాలాసేపయింది."

టీ అక్క చెయ్యెత్తి మూత చూపించింది.

"నేనొచ్చినప్పట్నుంచీ మా తమ్ముడు ఆ గోడ వెనక మా కారు ఇంజను ఆపకుండా కూర్చున్నాడు," అంది టీచరు. "మీరు ఎప్పుడు కనిపెడతారా అని చూస్తున్నాను."

టైలరుకి పొలమారింది. బాబాయి గోడ వైపు చూశాడు, మూత వైపు చూశాడు.

"అదేనమ్మా వచ్చిన చిక్కు. గోడ వెనక పెట్టావు. కొండ వెనక పెట్టుంటే నువ్వు రాకముందే చెప్పేవాణ్ణి."

టీచరు కూడా నవ్వేసింది. కానీ నవ్వుతూనే సంచి భుజాన వేసుకుంది. "వర్క్‌షాపు మూసేలోపు వెళ్ళాలి బాబాయ్."

బాబాయి బల్ల దిగాడు. చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డులోకెళ్ళి, చెక్క పిడి స్క్రూడ్రైవరు పట్టుకుని గోడ వెనక్కి నడిచాడు. అందరూ వెనకే వెళ్ళారు. మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. మొదటి వైరు పీకాడు. టకటక తగ్గలేదు. తిరిగి పెట్టి, రెండోది. తగ్గలేదు. మూడోది పీకగానే చప్పుడు సద్దుమణిగింది.

"మూడోది," అన్నాడు మెల్లగా.

టీచరు సంచి దించి కారు సీటు మీద పెట్టింది. "విప్పండి. ఒక్కటే షరతు. పని చేసేటప్పుడు కథలు చెప్పకూడదు."

"నోరు విప్పనమ్మా. ఒకసారి నేను ఎంత మౌనంగా పనిచేశానంటే..."

టీ అక్క మూత ఎత్తి చూపించింది. బాబాయి పిడి మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.