లోపల వదిలిన గుడ్డ

కుట్టు మెషిన్ ముందు పిన్ని, ఆవిడ పక్కన కాజాలు కుడుతూ అక్క కూతురు. చెప్పాల్సిన మాట చెప్పేసింది కానీ, ఆ పిల్లకి తల ఎత్తే ధైర్యం చాలడం లేదు.

“అయితే నీకు అబ్బాయిలూ నచ్చుతారు, అమ్మాయిలూ నచ్చుతారు. గోడమీద పిల్లివన్నమాట.”

“పిల్లి కాదు పిన్నీ. ఇదీ నీ టేపులాంటిదే. రెండు చివర్లే కాదు, మధ్యలో బోలెడు అంకెలుంటాయి. ఎవరు ఎక్కడైనా ఉండొచ్చు, అటూ ఇటూ జరగొచ్చు.”

“నాకే చెప్తున్నావా? మనుషులు ఒక్క కొలత మీద ఉండరనేగా, కుట్టు లోపల అంగుళం గుడ్డ ఎక్కువ వదిలేది.”

“మరి ఆ టేపు మీద నువ్వెక్కడ?”

“పెళ్లయినదాన్ని, ఎక్కడుంటాను? ఈ చివరే.”

“నిజంగా?”

పిన్ని మెషిన్ ఆపింది.

“నాకు పని నేర్పిన టైలరక్క కొలతలు, ముప్పై ఏళ్లయినా పుస్తకం చూడకుండా చెప్తాను. మీ బాబాయికి మాత్రం ప్రతిసారీ టేపు పెట్టాల్సిందే.”