మూడోసారి రాని అల్లిక

హలో… ఆ, నేనేనండి బావగారూ. నరసాపురం కాలవ లాకు ఆఫీసు నుంచి జీవరాజుని.

…

వినబడుతోందండి. ఈ తీగ మీద సొంత మాటలు కూడదు గానీ, దొరగారు క్యాంపు వెళ్లారు.

…

మీ చెల్లెలా?… అల్లుతూనే ఉంది. ఇదిగో, నా వెనక, ఆఫీసుకీ మా ఇంటికీ మధ్య గుమ్మంలోనే కూచుంది… ఊహూ, రాదండి. మీరు మాట్లాడతారన్నా తల ఎత్తలేదు.

తినడమా? బతిమాలితే రెండు ముద్దలు. లేసు ఒళ్లోంచి దించదు.

…

అదేనండి, మొన్న వచ్చినప్పుడు మీరు చూసిందే. చర్చి బల్ల మీద పరవడానికని మొదలుపెట్టింది. మా బేబి పోయాక ఇక ఆపలేదు… పువ్వూ లేదు, తీగా లేదు. నిండు గడి, ఖాళీ గడి. అంతే. అంతవరకూ అల్లిందంతా చూసుకుని, నిండున్న చోట ఖాళీ, ఖాళీ ఉన్న చోట నిండు పెట్టి మళ్లీ అంతా అల్లుతుంది… ఆ. ఎంత అల్లినా సగమే అయినట్టు.

…

ఎందుకో నాకూ నిన్ననే చెప్పింది. బేబి ఎక్కిన పడవ తిరగబడ్డప్పుడు తను రేవులోనే ఉంది కదా. పిల్ల 'అమ్మా' అందిట. మళ్లీ 'అమ్మా' అందిట… మూడోది రాలేదు.

…

బావగారూ?… ఉన్నారా?

ఆ… మూడోది వచ్చేస్తే పిలవడం అయిపోయినట్టేనట. రానంతకాలం పిల్ల ఇంకా పిలుస్తున్నట్టేనట. అందుకని ఆ లేసులో ఏదీ వరసగా మూడుసార్లు రాకూడదు. ఒక్క గడైనా, బారెడు ముక్కైనా సరే. రోజూ మొదటి నుంచీ తడిమి చూసుకుంటుంది. వేళ్లు పుళ్లు పడ్డాయి. నిద్రపోతూ కూడా నా చేతిని తడుముతుందండి… నిండు, ఖాళీ, ఖాళీ, నిండు…

…

అందుకే అడుగుతున్నాను. మీరు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఎక్కడో ఒకచోట మూడు వచ్చి తీరుతుందని చెప్పండి. అబద్ధమైనా పరవాలేదు. అప్పుడైనా ఆపుతుంది.

…

చెప్పరా?

…

రాదా?… ఎంత పొడుగు పోయినా?… ఎప్పటికీనా?… లేదండీ, ఆ రుజువు నాకు అర్థం కాదు. మీరే కూచుని తేల్చారంటే చాలు.

అయితే దీనికి అంతు లేదన్నమాట. మా ఇల్లు ఇక—

…

తనకా? తనకు చెప్పమంటారా?… ఏమైపోతుందో బావగారూ.

… సరే. ఉండండి.

సత్యం! ఇలా చూడు. మీ లాజరు అన్నయ్య లెక్క కట్టి చూశాడట. మూడోసారి రాదట. ఎప్పటికీ రాదట.

…

హలో… తను అడుగుతోందండి. 'నేను చూసుకోకపోయినా రాదా?' అని.

…

చూసుకోకపోయినా రాదట సత్యం. నువ్వు అల్లకపోయినా అది అలాగే ఉంటుందట.

…

ఉన్నానండి, లైనులోనే ఉన్నాను… సూది కింద పెట్టింది.

…

ఏడవడం లేదు. లేసు మడత పెడుతోంది… 'ఇక నేను కాపలా ఉండక్కర్లేదు' అందండి.

…

ఎక్కడికీ పోలేదు. ఏటివైపు కిటికీ దగ్గర నిలబడింది. పిల్ల పోయిన రోజున దానికి మేకు కొట్టేసింది. ఇప్పుడు ఆ పుళ్లు పడ్డ వేళ్లతోనే మేకు పీకుతోంది… తెరుచుకుంది బావగారూ.

…

ఏమోనండి. ఇన్నాళ్లూ సూది చప్పుడే. ఇప్పుడు ఇంటినిండా ఏరే వినబడుతోంది. నాకే భయంగా ఉంది.

… ఏంటి సత్యం?

నన్ను కూడా వచ్చి పక్కన నిలబడి వినమంటోందండి… వెళ్తాను. పెట్టేస్తున్నాను.