కనకయ్య కిర్రు చెప్పులు

నెల్లికుదురులో గోప్యా హోటల్ బల్లమీద కనకయ్య నోరు విప్పాడంటే గ్లాసుల్లో చాయ్ చల్లారాల్సిందే. ఇవాళ మరీను. రేపు బడిలో సాయుధ పోరాటం నాటి మనుషులకు సన్మానం. ఎవరేం చేశారో నిరంజన్ పంతులు కాగితం మీద రాసుకుంటున్నాడు. కనకయ్య పేరు పక్కన జాగా ఇంకా ఖాళీగానే ఉంది. అది చూసినకొద్దీ ముసలాయన గొంతు పెరుగుతోంది.

“రాసుకో పంతులూ! మాది చెప్పులు కుట్టే ఇల్లు. ఊరందరికి కుడుతం గని, దొరుండే గడీ ముందట మాత్రం చెప్పులిడిసి వంగి నడవాలె. దొర రివాజు గది. మా నాయిన తంగేడు చెక్కల నానవెట్టిన తోలు, అబ్బ, గా వాసన ఇప్పటికీ ముక్కుల్నే ఉంది! దాంతోని కిర్రు చెప్పులు కుట్టుకున్న. దొరల మీద కొట్లాడే సంఘం ఇంక మా ఊరికి రానేలేదు. నేనొక్కన్నే తొడుక్కొని గడీ ముందట నడిసిన!”

“ఒక్కనివేనా, కనకన్నా?” అన్నాడు గోప్యా చాయ్ వడపోస్తూ.

“ఒక్కన్నే! కిర్రు, కిర్రు... నాలుగడుగులకు దొర చేతిల హుక్కా కిందవడ్డది. పదడుగులకు గడీ గోడ నెర్రెవాసింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గా సప్పుడు దంతాలపల్లి దాక పోతే, రజాకార్లు తుపాకులనుకొని కంచాల ముందటి నుంచే ఉరికిన్రు! రఘునాథపల్లిల రైలాగింది. చక్రాలే మొత్తుకుంటున్నయని డ్రైవరు దిగి నూనె పోసిండు! పట్నంల కోట దర్వాజలు ఎవరూ ముట్టకుండనే మూసుకున్నయి!”

బల్లలన్నీ నవ్వాయి. చివరి బల్లమీద కూర్చున్న లక్ష్మీనర్సమ్మ నవ్వలేదు. ఆ రోజుల్లో గడీలో వెట్టిచాకిరి చేసిన మనిషి.

“కనకయ్యా, గా దినం గడీ వాకిలి ఊడుస్తున్నది నేనే. చెప్పులు నీ సంకల ఉండె. ఎవడ్రా అని దొర కేకేస్తే, ‘కనకిగాన్ని, నీ బాంచెన్’ అన్నవు.”

నవ్వు తెగిపోయింది. కనకయ్య తన పాదాల వైపు చూసుకున్నాడు.

“నిజమే అక్కా. గా దినం తొడగలేకపోయిన. గందుకే నలభై ఏండ్ల సంది నోటితోని తొడుక్కొని నడుస్తున్న.”

“దొర పారిపోయినంక తొడిగినవ్ గద! గది గూడ నేనే సూసిన. గదే రాయించుకోరాదు?”

పంతులు కలం ఎత్తాడు.

“గప్పుడు ఊరంత తొడిగిందక్కా,” అన్నాడు కనకయ్య.