నీలి కాలి బొటనవేలు

(మానుకోట దవాఖాన. మూడో రోజు పొద్దున. మంచం మీద నీలి. ఒక పక్క ఆమె మొగుడు చాంద్యా, ఇంకో పక్క నర్సు వసంత.)

“యాడ పెట్టాలె సంతకం, సిస్టరమ్మా?”

“ఆగు చాంద్యన్నా. ఏం రాసున్నదో సదివినవా?”

“సదివేదేమున్నది? మా ఇష్టంతోని ఇంటికి తీస్కపోతున్నం, గంతే గదా. బయట ట్రాలీ ఆటో ఆగింది. మా బామ్మర్ది దస్రు తండకు ఫోన్ జేసిండు. అందరు వచ్చిండ్రట.”

“ఎందుకొచ్చిండ్రు?”

“ఎందుకొస్తరు?”

“ఆమె చచ్చిపోలేదన్నా.”

“కన్ను తెరవది. పిలిస్తె పలకది. పొద్దుగాల పెద్దసారు నొప్పి తెలుస్తదా అని రొమ్ము మీద పిడికిలితోని రుద్దిండు. నేను సూసిన. ఏం కదల్లె. గీ మిషిన్ గాలి కొడితె రొమ్ము లేస్తుంది. గదీ బతుకేనా?”

“నీకు ఏడుపొస్తలేదా?”

“వస్తలేదు. ఎందుకో ఏమో. పానమంత మొద్దుబారింది.”

“గా రోజు ఏమైందో జర మల్ల చెప్పు.”

“ఎన్నిసార్లు జెప్పాలె? మిర్చి కల్లం కాడ పండుకున్నం. నీలి కింద, మిర్చి మీద కప్పే పరదా ఏసుకొని పండుకున్నది. తెల్లారంగ కడుపుల నొస్తుందన్నది. గ్యాసనుకొని సోడ తాపిన.”

“సోడనా?”

“కాటు కనవడలె. నెత్తురు లేదు, వాపు లేదు. నాకెట్ల ఎరుక? రెప్పలు వాలితె నిద్దరనుకున్న. పరదా దులిపితె కట్లపాము పడ్డది.”

“మరి నువ్వేడ పండుకున్నవ్?”

“నేనా? ...మంచం ఒక్కటే ఉండె.”

“సరే, ఇను. నీ బాయి కాడ మోటరున్నది గదా?”

“ఉన్నది.”

“ట్రాన్స్‌ఫార్మర్ల కరెంటున్నది. మోటరు మంచిగున్నది. నడుమ ఫీజు పోయింది. అప్పుడు?”

“మోటరు తిరగది.”

“తిరుగుతలేదని పాత ఇనుప సామానోనికి అమ్ముతవా?”

“ఎవడమ్ముతడు? ఫీజు ఏసుకుంట.”

“నీలిది గదే కత. మెదడుల కరెంటున్నది.”

“మనిషిల కరెంటేంది సిస్టరమ్మా?”

“ఉన్నది. నరం లోపల, బయట ఉప్పు ఉంటది. చెయ్యి లేపాలనుకుంటె బయటి ఉప్పు నరం లోపలికి ఉరుకుతది. ఈడ ఉరికితె దాని పక్కన ఉరుకుతది. గట్ల గట్ల ఏలు దాక పోతది. గదే కరెంటు. కొసకు పోయినంక నరం మందు లెక్క ఒక చుక్క ఇడుస్తది. గది పడితెనే కండ కదులుతది. కట్లపాము ఇషం గా చుక్కనే రానియ్యది. రెప్ప, నాలుక, ఊపిరి, అన్నీ బందైతయి.”

“సూదులు ఇచ్చిండ్రు గదా?”

“అవి నెత్తుర్ల ఇషానికి. చెడిపోయిన నరాల కొసలు మల్ల మొలవాలె. పదొద్దులు పట్టొచ్చు. గందాక మిషిన్ తీస్తె ఆటోలనే పానం పోతది.”

“దస్రు ఒప్పుకోడు.”

“ఇంకో మాట. గా ఇషం మెదడు దాక పోదు. చెవి మంచిగనే ఉన్నది. ఆమె ఇంటున్నది.”

“...ఏమన్నవ్?”

“ఇంటున్నది. మూడొద్దుల సంది.”

“ఉత్తదే.”

“నిన్న పగటీలి నువ్వు, దస్రు ఈడ కూసోని మీ లంబాడి భాషల మాట్లాడిండ్రు. నాకు ఒక్క ముక్క తెల్వది. కని గీ తెర మీద గుండె ఎనభై నుంచి నూటముప్పైకి పోయింది. ఏం మాట్లాడుకుండ్రు?”

“ఏం లేదు.”

“విజయ ఎవలు? గా పేరు నాలుగుసార్లు ఇన్న.”

“దీని చెల్లె. ...ఊకె, ఇంటి ముచ్చట.”

“సరే. కాళ్ల కాడికి రా. బొటనవేలు సూడు. పెద్దసారు పోయినంక నేను కనిపెట్టిన, జరంత కదులుతుంది. సారుకు గూడ ఫోన్ల చెప్పిన. నిన్ను పిలుద్దామంటె గీ కాయితం పట్టుకొని వచ్చినవ్. ఒక్కసారి కదిపితె ఔను, రెండుసార్లయితె కాదు అని ఆమెకు చెప్పిన. అడుగు.”

“ఏమడగాలె?”

“సంతకం పెట్టాల్నా వద్దా, గదే.”

“...నీలీ. ఇంటికి పోదామా?”

“సూడు, సూడు.”

“కదిలింది. ...మల్ల కదిలింది! రెండు, సిస్టరమ్మా, రెండుసార్లు!”

“కాయితం ఇటియ్యి.”

“చింపెయ్యి. దస్రుకు నేను చెప్త. ఆటో పంపిస్త. ...నువ్వు జర బయటికి పోతవా?”

“మిషిన్ ఇడిసి పోరాదు. మీ భాషల అడుగు, నాకు అర్థం కాదు.”

“గాదు. తెలుగులనే అడుగుత, నువ్వు గూడ ఇను. నీలీ... నిన్న దస్రు, పిల్లలు ఆగమైతరు, విజయను చేసుకో అన్నడు. నేను ఒద్దనలె. సరే అన్న. నువ్వు ఈడ ఉండంగనే అన్న. అది గూడ ఇన్నవా?”

“ఏలు దిక్కు సూడు అన్నా.”

“కండ్లల్ల నీళ్లొచ్చి నాకు కనవడుతలేదు. నువ్వు సూసి చెప్పు సిస్టరమ్మా. కదిలిందా?”

“కదిలింది.”

“రెండోసారి?”

“లేదన్నా. ఒక్కసారే.”