సహాయానికి ఎవరి నంబరు

మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ మాన్యువల్‌లో సగం వాక్యాలు కోసేశాడు. పళ్ల ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు రాసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది అతను. దాన్నెలా వాడాలో చెప్పే ఆ మాన్యువల్ రాసింది మరదలు. సాయంత్రానికల్లా ఆసుపత్రికి పంపాలి.

“బావా, ‘సేవ్ నొక్కండి’ అన్న వాక్యం ఏది?”

“తీసేశాను. అది కూడా చెప్పాలా? చంటిపిల్లలకి చెప్పినట్టు!”

“పోయినసారీ ఇలాగే తీసేశావు. రిసెప్షన్‌లో ఆవిడ రోజంతా పేర్లెక్కించి, సేవ్ చెయ్యకుండానే ఇంటికెళ్లిపోయింది. మర్నాడంతా నా ఫోన్ మోగుతూనే ఉంది.”

“నీకెందుకు చేశారు?”

“చివరి పేజీలో సహాయానికి నా నంబరు వేసింది నువ్వేగా!”

“నువ్వైతే ఓపిగ్గా మాట్లాడతావని...”

“ఆ ఓపిక అయిపోయింది. నువ్వు కోసిన ప్రతిచోటా ‘ఇక్కడ అర్థం కాకపోతే ప్రోగ్రామర్‌ని అడగండి’ అని రాసి, నీ నంబరు పెడుతున్నా.”

“ఏయ్, తమాషాకేగా?”

“సేవ్ దగ్గర పెట్టేశాను. ఇప్పుడు ప్రింట్ దగ్గర పెడుతున్నా.”

“అమ్మా తల్లీ, నీకో దండం! కోసినవన్నీ తిరిగి పెట్టేస్తా.”

“మరి చివరి పేజీలో నా నంబరు?”

“తీసేసి ఆఫీసు నంబరు వేస్తాలే.”

“ఆఫీసు ఫోన్ ఎత్తేది కూడా నేనే బావా.”



“సరే, నాదే వెయ్యి.”

సాయంత్రం మాన్యువల్ ఆసుపత్రికి వెళ్లింది. కోసిన వాక్యాలన్నీ అందులో ఉన్నాయి. చివరి పేజీలో, తన నంబరుకి పైన, బావ ఇంకో వాక్యం చేర్చాడు: “ఫోన్ చేసే ముందు కంప్యూటర్ ఆన్ చేశారో లేదో చూసుకోండి.”